టవర్ గుట్టకు ఆదివారం వచ్చే మనిషి

మా ఆయన కాలు విరిగిన ఏడాది ఎండాకాలమంతా నేను గుట్ట మీద కావలి ఉన్నాను. కొలువు ఆయనది, కూర్చున్నది నేను. ఈ సంగతి అప్పట్లో ఆఫీసు దాకా పోకూడదు.

రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయిన కాలం అది. నాగర్‌కర్నూల్ నుంచి నల్లమల వైపు పోయే బస్సు దిగి కొంత నడిస్తే మా ఊరు. ఊరి వెనక గుట్ట, గుట్ట నెత్తిన అడవిశాఖ వాళ్ళు కట్టించిన ఇనుప టవర్. అందుకే దాన్ని అందరూ టవర్ గుట్ట అంటారు. శివరాత్రి దాటినప్పటి నుంచి వానలు పడేదాకా ఒక మనిషి పొద్దంతా ఆ టవర్ మీద కూర్చుని, అడవిలో ఎక్కడైనా పొగ లేస్తుందేమో చూడాలి. పొగ కనిపిస్తే ఆ వైపు కమ్మీకి ఎర్రగుడ్డ కట్టాలి. కింద ఆఫీసు దగ్గరున్నవాళ్ళు గుడ్డను చూసి మనుషుల్ని పంపుతారు. మా ఆయన నాలుగేళ్ళుగా ఆ వాచర్ పని చేస్తున్నాడు, రోజుకూలి మీద.

ఆ ఏడు ఎండలు ముదరకముందే అడవిలో ఫైర్ లైన్ కొట్టారు. అంటే మంట దాటి రాకుండా బాటలాగా ఆకూ గడ్డీ గీకి తీయడం. ఆ పనిలోనే బండ మీద జారి ఆయన కాలు విరిగింది. దవాఖానలో పట్టీ వేసి, మూడు నెలలు కాలు కింద పెట్టొద్దన్నారు. ఆఫీసులో చెబితే ఇంకొకరిని పెట్టుకుంటారు. మరుసటేడు కూడా ఆ ఇంకొకరే ఉంటారు.

"నీ అంగీ తొడుక్కొని నేను పోత" అన్నాను.

"ఆడమనిషివి. గుట్ట మీద ఒక్కదానివి ఎట్ల కూసుంటవ్?"

"చేన్ల కూసుంటలేనా? కిందికెల్లి చూసెటోళ్ళకు అంగీ కనవడ్తది గని ముఖం కనవడ్తదా?"

చీర మీద మగవాళ్ళ అంగీ వేసుకుని పనికి పోవడం మా వైపు ఆడవాళ్ళకు అలవాటే. కాకపోతే ఇది ఖాకీ అంగీ. పొగ ఎప్పుడు లేచింది, ఎటు లేచింది అని రోజూ రిజిస్టర్‌లో రాయాలి. నేను గట్టు అనే మా పుట్టినూళ్ళో పదో తరగతి దాకా చదివాను కాబట్టి సాయంత్రం ఇంటికొచ్చి నేను రాసేదాన్ని, ఆయన కింద సంతకం పెట్టేవాడు.

గుట్ట ఎక్కడానికి మొదట్లో నాకు గంటన్నర పట్టేది. సీతాఫలం పొదలు దాటేదాకా బాట మెత్తగా ఉంటుంది, ఆపైన అన్నీ బండలే. నెత్తి మీద నీళ్ళ బిందె, చంకలో సద్దిమూట. మూడో వంపు దగ్గర ఎలుగుబంటి చెదల కోసం తవ్విన పుట్టలు ఉండేవి. అక్కడ గట్టిగా దగ్గుకుంటూ నడిచేదాన్ని. పైకి చేరగానే చీపురు పట్టి టవర్ కాళ్ళ చుట్టూ ఒక్క ఎండుటాకు లేకుండా ఊడవాలి. మెట్ల మీది ఇసుక దులపాలి. ఆ తర్వాతే పైకి ఎక్కి కూర్చోవడం.

మామూలు రోజుల్లో మనిషి కనిపించడు. ఆదివారం మాత్రం జాతరే. వనపర్తి నుంచి, తిమ్మాజిపేట నుంచి కూడా టిఫిన్ డబ్బాలు పట్టుకుని వచ్చేవాళ్ళు. పైన నిలబడితే అడవి మొత్తం కనిపిస్తుంది, గాలికి టవర్ మెల్లగా ఊగుతుంది. ఆ ఊగడమే అందరికీ సరదా. పడుచువాళ్ళు కాళ్ళు దబదబ తాటించి మరీ ఊపేవాళ్ళు. నాకు మాత్రం వచ్చినవాళ్ళ జేబుల మీదే కన్ను. పొగ కోసం కాపలా కూర్చున్న మనిషికి ప్రతి జేబులోనూ అగ్గిపెట్టే కనిపిస్తుంది. "అగ్గిపెట్టె ఉంటే ఈడ పెట్టి ఎక్కండి" అని మెట్ల దగ్గర నిలబడి అడిగేదాన్ని. లేదన్నవాడిని ఇంకాస్త ఎక్కువ అనుమానించేదాన్ని.

ఆ మనిషిని మొదటి ఆదివారం చూసినప్పుడే నాకు తేడాగా అనిపించింది. యాభై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, భుజాన గుడ్డసంచి, జేబులో చిన్న పుస్తకం. ఒక్కడే వచ్చాడు. మా గుట్టకు ఎవరూ ఒక్కరే రారు. అందరూ పైకి ఎక్కి అడవిని చూస్తుంటే, ఆయన కిందే నిలబడి పైనున్న మనుషుల్ని చూస్తున్నాడు. పెదాలు కదులుతున్నాయి. లెక్కపెడుతున్నాడని అర్థమైంది.

"ఒక్కసారి ఎంతమంది ఎక్కుతరమ్మా పైకి?" అని నా దగ్గరికొచ్చి అడిగాడు.

"ఎందరొస్తే గందరు సారూ."

"వాచర్ నువ్వేనా?"

"నేను కాదు సారు, మా ఆయన. ఫైర్ లైన్ చూడనీకి అటు పోయిండు. ఇగొస్తడు."

ఆయన నన్ను చూశాడు, నా ఒంటి మీది ఖాకీ అంగీని చూశాడు. పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు.

సాయంత్రం చెబితే మా ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు. "ఆఫీసు మనిషే. ఎవడో మన మీద చెప్పిండు."

ఆ వారమంతా ఎవరు చెప్పి ఉంటారా అని తలలు బద్దలు కొట్టుకున్నాం. ఈ కొలువు కోసం తిరిగిన పక్కింటాయనా? కాలు ఎట్లుందని రెండుసార్లు అడిగిపోయిన మా ఆయన చిన్నాయన కొడుకా? మంచినీళ్ళు తెచ్చి ఇచ్చినవాళ్ళను కూడా ఎందుకిచ్చారో అనుకునే దాకా వచ్చింది మా పరిస్థితి.

రెండో ఆదివారం జొన్నరొట్టెలు, పుంటికూర చేసుకుని పోయాను. ఆయన రాగానే విస్తరాకు తీసి, "సారు, జర తినుండ్రి" అన్నాను.

"వద్దమ్మా. తినొచ్చిన."

పెడితే తినని ఆఫీసరంటే నాకు ఇంకా భయం పట్టుకుంది. ఆయన టవర్ నాలుగు కాళ్ళ చుట్టూ తిరిగాడు. ఇనుము మీద వేలి కణుపుతో కొట్టి చెవి పెట్టి విన్నాడు. మళ్ళీ పుస్తకం తీశాడు.

"మీ ఆయన ఇయ్యాల గూడ ఫైర్ లైన్‌కే పోయిండా?"

"ఔ సారు."

"పాపం. మస్తు కష్టపడ్తుండు."

ఎగతాళిగా అన్నాడో, నిజంగా అన్నాడో నాకు తెలియలేదు. ఇంటికొచ్చి ఆ మాటను నాలుగైదు తీర్లుగా అని చూపించాను. మా ఆయనకూ తేలలేదు.

మూడో ఆదివారం దిగిపోయేటప్పుడు ఆయన సంచిలో ఇనుము గలగలమంది. మర్నాడు ఊడుస్తుంటే మెట్ల కింద తుప్పు పట్టిన నట్టు ఒకటి దొరికింది. దాని పక్కనే బూడిద రంగు పొడి. మా ఊళ్ళోకి పాత ఇనుముకు ఉల్లిగడ్డలిచ్చే బండ్లు వస్తుంటాయి. నాకు ఒక్కసారిగా అంతా తెలిసిపోయినట్టయింది. ఈయన ఆఫీసరు కాదు, దొంగ. వారం వారం వచ్చి టవర్‌కున్న నట్లూ బోల్టులూ పీక్కుపోతున్నాడు. నిజం చెప్పాలంటే నాకు సంతోషమైంది. ఆఫీసరును నేనేం చేయగలను? దొంగనైతే పట్టుకోగలను.

నాలుగో ఆదివారం ఎండ నిప్పులు చెరుగుతోంది. వచ్చినవాళ్ళు మధ్యాహ్నానికే దిగిపోయారు. ఆయన మాత్రం నీడన కూర్చున్నాడు. "నీళ్ళకు పోయొస్త సారు" అని గట్టిగా చెప్పి, బిందె తీసుకుని పోయి బండ వెనక కూర్చున్నాను. కాసేపటికి ఆయన అటూ ఇటూ చూసి, సంచిలోంచి పానా తీసి మెట్ల కింద దూరాడు.

నేను చీపురుకట్ట పట్టుకుని ఒక్క ఉరుకు ఉరికాను. "ఏయ్! ఏం ఇప్పుతున్నవ్ రా?"

నాలుగు వారాలు సారు సారు అన్న నోటితోనే అలా అన్నాను. ఆయన ఉలిక్కిపడి లేచి ఇనుపపట్టీకి తల కొట్టుకున్నాడు. నేను సంచి లాక్కుని నేల మీద బోర్లించాను. నూనె కాగితంలో చుట్టిన బోల్టులు దొర్లాయి. నట్లు, వాషర్లు, చిన్న రంగుడబ్బా, ఒక కుంచె. బోల్టుల్లో ఒక్కటి కూడా పాతది లేదు. అన్నీ దుకాణంలోంచి అప్పుడే తెచ్చినట్టు మెరుస్తున్నాయి.

"ఇప్పుతలేనమ్మా" అన్నాడు తల రుద్దుకుంటూ. "బిగిస్తున్న."

"సర్కారు టవర్‌కు నువ్వెందుకు బిగిస్తవ్?"

ఆయన అక్కడే బండ మీద చతికిలపడ్డాడు.

"పెబ్బేరుల నాకు వెల్డింగ్ దుకాణం ఉంది. ఈ టవర్ నిలవెట్టిన పనోళ్ళల్ల నేనొకన్ని. ఒక్కొక్క జాయింట్‌కు నాలుగు బోల్టులు పడాలె. కాంట్రాక్టర్ రెండే ఇచ్చిండు. మిగిలిన బొక్కలల్ల లప్పం కుక్కి రంగేసినం."

"నువ్వెట్ల ఒప్పుకున్నవ్?"

"ఒక్క వాచర్ ఎక్కెటందుకు గివి చాలవా అన్నడు. నిజమే గదా అనుకున్న. మొన్న సంతకు ఎడ్లు కొననొచ్చినోళ్ళు నా దుకాణం ముంగట కూసొని మాట్లాడిండ్రు. నలభై మందిమి ఎక్కినం, ఉయ్యాల లెక్క ఊగుతది, మస్తుంది అన్నరు. ఆ దినం నుంచి నాకు తిండి సయిస్తలేదు."

నేను వెంటనే నమ్మలేదు. దొరికిపోయినవాడు ఏదో ఒకటి చెబుతాడు కదా. గాజులకున్న పిన్నీసు తీసి, దగ్గరున్న జాయింట్ మీద రంగును గీకాను. మొదట పెచ్చు లేచింది. పిన్నీసు లోపలికి పొడిచి తిప్పితే లప్పం బియ్యప్పిండిలా రాలింది. అవతలి వైపు వెలుతురు కనిపించింది. పక్క జాయింట్ గీకాను. అక్కడా అంతే. మూడోదాంట్లోనూ వెలుతురే. నెలకు పైగా పొద్దంతా నేను కూర్చున్నది దీని మీదే.

"నేను గూడ నిన్ను అనుమానించినమ్మా" అన్నాడాయన. "ఉన్న రెండు బోల్టులల్ల గూడ కొన్ని కాడ ఒకటి లేదు. ఎప్పుడొచ్చినా మీ ఆయన ఉండడు. మొగడు పెండ్లాలు కలిసి ఇనుము అమ్ముకుంటుండ్రేమో అనుకున్న. ఏడేడ పోయినయో పుస్తకంల రాసుకున్న. జనం ఊపంగ ఊపంగ ఊడి పడ్డట్టున్నయి."

నాకు కోపం రావాల్సింది, రాలేదు. మా ఆయన కాలి సంగతి చెప్పేశాను. ఆ గుట్ట మీద ఆయన గుట్టు నాకు, నా గుట్టు ఆయనకు తెలిసిపోయాయి.

"ఆఫీసుల చెప్పొచ్చు గదా అన్నా" అన్నాను. సారు పోయి, రా పోయి, అన్న అయ్యాడు.

"చెప్తే కాంట్రాక్టర్ నాకేం తెల్వదంటడు. నేనొక్కన్నే మిగుల్త. నువ్వు చెప్తవా?"

నేనెట్లా చెబుతాను? నేనక్కడ ఉన్నట్టే ఆఫీసులో ఎవరికీ తెలియదు.

అప్పటి నుంచి ఆయన ఆదివారం మానేసి, దుకాణం సెలవైన మంగళవారం రావడం మొదలుపెట్టాడు. కింది జాయింట్లు ఒక్కడే చేసుకోగలిగాడు. పైవాటికి ఇద్దరు కావాలి. లోపలి నుంచి నేను బోల్టు తలను ఒక పానాతో కదలకుండా పట్టుకుంటే, ఆయన నడుముకు మోకు కట్టుకుని బయటి నుంచి నట్టు బిగించేవాడు. ఆదివారం వచ్చే జనాన్ని ఆపడానికి నేనొక అబద్ధం ఆడాను. టవర్ కప్పు కింద తేనెటీగలు పట్టాయని, పది మందికి మించి ఎక్కితే లేస్తాయని చెప్పాను. అగ్గిపెట్టె ఇవ్వమంటే గొణిగే జనం, తేనెటీగలనేసరికి బుద్ధిగా వరుస కట్టారు.

అంతా మా ఆయనకు చెబుతూనే ఉన్నాను. అయినా ఊళ్ళో మాట వేరేగా పుట్టింది. బోరింగు దగ్గర ఒకామె బిందె నింపుకుంటూ, "పెబ్బేరాయన మంగళారం మంగళారం గుట్టకొస్తుండంట గదా?" అంది. ఆ మాట నాకంటే ముందే మా ఇంటికి చేరింది. మా ఆయన మాట్లాడడం తగ్గించాడు. నేను అన్నం పెడుతుంటే తల ఎత్తకుండా అడిగాడు.

"సంచిల ఏం తెస్తడు?"

"చెప్పిన గదా. బోల్టులు."

"బోల్టులేనా?"

నేను గిన్నె అక్కడే పెట్టి బయటికి వచ్చేశాను. కొలువు పోకూడదని ఎండలో మాడుతున్నది ఎవరి కోసం అనిపించింది. ఆ రెండు మూడు రోజులు ఇద్దరం ఒక ఇంట్లోనే ఉన్నా, అవసరమైతేనే మాట్లాడుకున్నాం.

తర్వాతి మంగళవారం మధ్యాహ్నం పై జాయింట్ దగ్గర బోల్టు పట్టుకుని ఉన్నాను. కిందికి చూస్తే బండల మీద ఎవరో కూర్చుని, చేతులతో ఒళ్ళు ఈడ్చుకుంటూ ఎక్కుతున్నారు. కాలికి తెల్లటి పట్టీ ఉంది. మా ఆయనే. నాకు అరవాలనిపించింది, కానీ పానా వదిలితే అవతల మోకు మీద వేలాడుతున్న మనిషి ఏమవుతాడో తెలియదు. అలాగే పట్టుకుని నిలబడ్డాను. మా ఆయన టవర్ కిందికి చేరి, పైకి చూశాడు. నేను లోపల, వెల్డింగాయన బయట, మధ్యలో ఇనుము. ఇద్దరి ముఖాలకూ చెమటా తుప్పూ.

మేం దిగేదాకా మా ఆయన ఒక మేకు ఏరుకుని, దగ్గరున్న జాయింట్‌ను గీకుతూ కూర్చున్నాడు. లప్పం రాలి ఆయన పట్టీ మీద పడింది.

"నాలుగేండ్లు దీని మీదనే కూసున్న" అన్నాడు చివరికి. వెల్డింగాయన వైపు చెయ్యి చాచి, "ఇంకో పానా ఉందా అన్నా?" అని అడిగాడు.

ఆ రోజు కూర్చున్నచోటనే చేయి అందిన నట్లన్నీ బిగించాడు. సాయంత్రం వెల్డింగాయన, నేను చెరోవైపు పట్టుకుని ఆయన్ని గుట్ట దించేసరికి మా ముగ్గురికీ ప్రాణాలు పోయినంత పనైంది.

ఇప్పపువ్వు రాలే రోజులు వచ్చాయి. ఇంకొక మంగళవారం, పైవరుసలో ఒక జాయింట్, మెట్ల పక్కన ఒక జాయింట్ మిగిలి ఉండగా, పడమటి లోయలో పొగ కనిపించింది. పొయ్యి పొగ సన్నగా నిలువునా లేచి చెదిరిపోతుంది. ఆకు అంటుకున్న పొగ మొదట నేలబారున పాకుతుంది, తర్వాత పసుపుపచ్చగా ఉబ్బుతుంది. ఇది రెండో రకం. నేను మొదట చూసింది వెల్డింగాయన జేబు వైపే, బీడీ కాల్చి వచ్చాడేమోనని. అంతలోనే సిగ్గేసింది. పరుగెత్తి ఎర్రగుడ్డ కట్టాను. అరగంటలో లోయ దిక్కుగా మనుషులు కొమ్మలు పట్టుకుని పోవడం కనిపించింది. టేకు తోట దాకా రాకముందే మంట ఆగింది. పొగ పలచబడ్డాక మేము మళ్ళీ పానాలు పట్టుకున్నాం.

అంత తొందరగా పొగ పట్టుకున్న వాచర్‌ను చూసి మెచ్చుకుందామని రేంజర్ సారు స్వయంగా గుట్ట ఎక్కి వస్తారని మేం అనుకోలేదు. వెనక మా వైపు అడవి చూసే బీట్ ఆఫీసరు ఉన్నాడు. వాళ్ళకు కనిపించింది ఖాకీ అంగీ వేసుకున్న ఆడమనిషి, మోకు కట్టుకుని టవర్ నట్లు తిప్పుతున్న మగమనిషి.

"ఎవరు మీరు? వాచర్ ఎక్కడ?"

"ఫైర్ లైన్..." అని మొదలుపెట్టి ఆగిపోయాను. వాళ్ళు వచ్చింది అటు నుంచే. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. "వాచర్ నేనే సారు. మా ఆయన కాలిరిగింది. శివరాత్రి పోయినప్పటి నుంచి నేనే కూసుంటున్న."

రేంజర్ సారు నా వైపు కాకుండా వెల్డింగాయన వైపు చూశారు. "నట్లు విప్పమని నీకెవరు చెప్పారు?"

"ఇప్పుతలేను సారు."

ఆ మాట ఎంత నమ్మకంగా వినబడుతుందో నాకు తెలుసు. రేంజర్ సారు పైన ఏం జరిగిందో చూస్తానంటూ మెట్టు మీద కాలు పెట్టారు. నేను గబగబా దిగి పిన్నీసు తీసి, మెట్ల పక్కన బిగించకుండా మిగిలిన జాయింట్‌లో గుచ్చి తిప్పాను. లప్పం ఆయన బూటు మీద రాలింది. ఆయన బొక్కలోంచి ఇవతలికి వస్తున్న వెలుతురును కాసేపు చూసి, మెట్టు మీది కాలు వెనక్కి తీసుకున్నారు.

ముగ్గురినీ ఆఫీసుకు రమ్మన్నారు. మా ఆయన్ని ఎడ్లబండి మీద తీసుకుపోయాం. వెల్డింగాయనకు సంతకం తప్ప ఎక్కువ రాయడం రాదు. ఆయన పుస్తకం నిండా గీతలు, సున్నాలే. ఆయన చెబుతుంటే కాగితం మీద నేను రాశాను. "పనివాళ్ళం బొక్కలల్ల లప్పం కుక్కినం" అని రాయబోతుంటే ఆపాడు.

"మేము అని రాయకు చెల్లె. కుక్కింది నేను. నేను అని రాయి."

"నీ మీదికే వస్తదన్నా."

"రానీ."

అలాగే రాశాను. అది రాస్తుంటే, నాలుగు వారాలు ఈ మనిషిని నేను ఏమేం అనుకున్నానో అన్నీ గుర్తొచ్చి తల ఎత్తలేకపోయాను.

టవర్ మెట్లకు తాళం వేశారు. వెల్డింగాయన్ని నాలుగైదుసార్లు ఆఫీసుకు పిలిపించారు. కాంట్రాక్టర్ ఆయనెవరో తనకు గుర్తే లేదన్నాడట. చివరికి ఒక ఇంజినీరు వచ్చి, ఒక్కొక్క జాయింట్‌నూ సుత్తితో కొట్టి చూసి, వానలకు ముందే మిగిలిన బొక్కలకూ బోల్టులు వేయించాడు. కాగితాల్లో కారణం తుప్పు అని రాసుకున్నారని బీట్ ఆఫీసరు చెప్పాడు. ఎవరికీ ఏ శిక్షా పడలేదు. ఆ ఎండాకాలం మిగిలిన రోజులకు రిజిస్టర్‌లో వాచర్ అన్నచోట నా పేరు రాశారు. అయితే బీట్ ఆఫీసరు నన్ను ఎప్పుడూ నమ్మలేదు. చెప్పాపెట్టకుండా రెండురోజులకోసారి వచ్చి, నేనున్నానా ఇంకెవరైనా ఉన్నారా అని చూసిపోయేవాడు. తాళం తీశాక ఆదివారాల జనం మళ్ళీ వచ్చారు. టవర్ ముందులాగా ఊగడం లేదని చాలామంది మొహం చిన్నబుచ్చుకున్నారు. "ఏం చేసిండ్రు దీన్ని? మజా పోయింది" అని ఒకాయన నన్నే దబాయించాడు.

మా ఆయన కాలు కుదిరాక, వానలు పడిన తర్వాత, మేకల కోసం పెబ్బేరు సంతకు పోయాం. వెల్డింగాయన దుకాణం సంతకు దగ్గరే. ఎవరిదో గేటు చేస్తున్నాడు. మమ్మల్ని చూసి కళ్ళద్దాలు తీసి, చాయ్ తెప్పించాడు. కాసేపు కాలి సంగతి, వానల సంగతి మాట్లాడుకున్నాక మా ఆయన గొంతు సవరించుకున్నాడు.

"అన్నా, నేను నిన్ను తప్పనుకున్న."

"నువ్వొక్కనివేనా?" అని ఆయన నవ్వాడు. "నీ ఇంటామె మొదలు ఆఫీసరనుకుంది, తర్వాత దొంగనుకుంది. మూడోది నువ్వనుకున్నవ్."

వాళ్ళిద్దరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ మూడో అనుమానం ఆయన ఒక్కడి మీద కాదు కదా. గుట్టకు ఒకసారి రమ్మని పిలిస్తే, ఆయన చేతులు తుడుచుకుంటూ, "వద్దులే చెల్లె, మోకాళ్ళు సహకరిస్తలేవు" అన్నాడు. అది నిజమో సాకో నేను అడగలేదు.

రెండు మేకలు కొన్నాం. వాటిని బస్సులో ఎక్కించుకోనన్నాడు కండక్టర్. వనపర్తి దాకా పోయే లారీ ఒకటి దొరికితే వెనక గడ్డిమోపుల మీద కూర్చున్నాం. వనపర్తి ఇళ్ళు కనిపిస్తుండగా మా ఆయన మేక మెడ మీద చెయ్యి వేసి అన్నాడు.

"ఆ దినం నేను గుట్టెక్కింది బోల్టులు చూడనీకి కాదు."

"నాకు తెలుసు" అన్నాను.